బడే సాబ్ నేలమాళిగ

కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రవాడికి ఆఫీసరు చేసే ప్రతి పనిలోనూ ఏదో అంతరార్థం కనిపిస్తుంది. ఆయన తుమ్మితే మన మీద కోపమేమో అనిపిస్తుంది. తుమ్మకపోతే కోపాన్ని లోపలే దాచుకుంటున్నాడేమో అనిపిస్తుంది. ఎనభైల చివర్లో, కంచన్‌బాగ్ వైపు ఒక లోహాల కర్మాగారంలో నేను ట్రైనీగా ఉన్న రోజుల్లో నా బతుకు అచ్చంగా అలాగే ఉండేది. శిక్షణ ముగింపుకొచ్చింది. పర్మినెంట్ చేస్తారా, ఇంటికి పంపుతారా అన్నది మా సెక్షన్ ఆఫీసరు చేతిలో ఉంది. అక్కడ బహదూర్‌పురాలో మా బాపు మాత్రం "మా పోరనికి పక్కా నౌకరి అయింది" అని గల్లీ మొత్తానికీ చాటేశాడు. (ముఖపరిచయం కూడా లేనివాళ్ళు నన్ను ఇరానీ హోటల్ ముందు ఆపి చెయ్యి కలిపేవారు.) ఉద్యోగం కాస్తా ఊడితే మేం ఇల్లు మారడం తప్ప వేరే దారి లేదు.

ఆ ఆఫీసరును మేం బడే సాబ్ అనేవాళ్ళం. ఎత్తు మనిషి, మాట తక్కువ. యంత్రాల శిక్షణకని కొన్నాళ్ళు ఇంగ్లండులో ఉండి వచ్చాడు. ఒక శనివారం సాయంత్రం గేటు దగ్గర మా ముగ్గురు ట్రైనీలనూ ఆపి, "రేపు ఇంటికి రాండ్రి. చిన్న పనుంది" అని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. ముగ్గురంటే నేను, లెక్చర్, చోటా భాయ్. లెక్చర్ గుంటూరు వైపు నుంచి వచ్చినవాడు. సైకిలు గాలి గురించి అడిగినా బోర్డు మీద రాసి చెప్పినట్టు చెప్పేవాడు కాబట్టి ఆ పేరు. చోటా భాయ్ మాకందరికీ తమ్ముడిలాంటివాడు, ఆరడుగుల తమ్ముడు.

బడే సాబ్ ఇల్లు లాడ్ బజార్ వెనక గల్లీలో ఉండేది. ఇస్త్రీ చొక్కాలేసుకుని, తలకు నూనె రాసుకుని, ముగ్గురం గాజుల దుకాణాల మధ్య నుంచి నడుస్తుంటే ఒక దుకాణదారు "ఆయియే దూల్హే మియా! ముగ్గురిల పెండ్లికొడుకు ఎవరు?" అని కేకేశాడు. చోటా భాయ్ సిగ్గుపడి నన్ను చూపించాడు.

ఏ అల్మారానో జరపమంటాడని వెళ్ళాం. ముందుగదిలో బల్ల మీద పెద్ద అట్ట పరిచి ఉంది. దాని మీద గదులు, సందులు, తలుపులు. చిన్న చిన్న బొమ్మలు, పుర్రెలు చెక్కిన పాచికలు, పేకముక్కల్లాంటి చీటీల దొంతరలు. బడే సాబ్ తన ముందు మడతల అట్టొకటి గోడలా నిలబెట్టి దాని వెనక కూర్చున్నాడు. మాకు కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. "గిది డంజన్. లోపటికి పోవాలె, రాక్షసులను కొట్టాలె, ఖజానా తేవాలె. మీరు ముగ్గురు వీరులు. రాక్షసులు నా దిక్కు. సమజైందా?" అన్నాడు. ముగ్గురం ఒక్కసారే "అయింది సార్" అన్నాం. ఎవరికీ కాలేదు.

"డంజన్ అంటే ఏంది భాయ్?" అని చోటా భాయ్ నా చెవిలో గొణిగాడు. "నేలమాళిగ" అన్నాడు లెక్చర్. "గోల్కొండల ఉంటది, గదేనా? గక్కడికి పోవాల్నా, ఇయ్యాలనేనా?" చోటా భాయ్ అప్పుడే చెప్పుల వైపు చూశాడు.

నాకు గొడ్డలి పట్టుకున్న పొట్టివాడి బొమ్మ వచ్చింది. మొదటి తలుపు తెరిస్తే ఆకుపచ్చ రాక్షసులు ఎదురుపడ్డారు. కొట్టడానికి పాచికలు చేతిలోకి తీసుకున్నాను. లెక్చర్ బల్ల కింద నా కాలు తొక్కాడు. వాడి చూపులో ఏదో హెచ్చరిక ఉంది. అర్థం కాకపోయినా పాచికలు కింద పెట్టేశాను. "కొట్టవా?" అన్నాడు బడే సాబ్. "పర్వాలేదు సార్" అన్నాను. రాక్షసులు మమ్మల్ని వరసగా చంపేశారు. చోటా భాయ్ అయితే తన బొమ్మను తానే పడుకోబెట్టి "షుక్రియా సాబ్" అన్నాడు. బడే సాబ్ అట్ట వెనక నుంచి మమ్మల్ని చాలాసేపు చూసి, "మల్ల ఆదివారం రాండ్రి" అన్నాడు. గెలిచినవాడి ముఖంలా లేదు.

బయటికి రాగానే లెక్చర్ గోడకానుకుని మొదలుపెట్టాడు. "ఒరేయ్, అది ఆటనుకుంటున్నారా? విదేశాల్లో ఆఫీసర్లు ఇలాగే పరీక్ష పెడతారు. ఎవడు ఆశపడతాడు, ఎవడు తొందరపడతాడు, ఎవడు పెద్దవాళ్ళ మీద చెయ్యెత్తుతాడు, అన్నీ ఆ అట్ట వెనక కూర్చుని చూస్తారు. రాక్షసులు ఎవరి మనుషులు? ఆఫీసరుగారి మనుషులు! చూస్తూ చూస్తూ వాళ్ళని కొడతామా?" "హౌ, సాబ్ కే లోగా హై" అని చోటా భాయ్ తలూపాడు. (ఇంత తెలివైనవాడు మా పక్కన ఉండడం మా అదృష్టమనే అనుకున్నాం.)

రెండో ఆదివారం మరింత జాగ్రత్తగా ఆడాం. ప్రతి తలుపు దగ్గరా "పహలే ఆప్" అంటే "నహీ, పహలే ఆప్" అనుకుంటూ ఆగిపోయాం. దారిలో ఖజానా పెట్టె కనిపిస్తే ఆశపోతులమనుకుంటాడని ముగ్గురం ముఖాలు తిప్పుకుని పక్కనుంచి వెళ్ళిపోయాం. "అరే, అండ్ల బంగారం ఉందిరా!" అన్నాడు బడే సాబ్. "మాకు జీతం చాలు సార్" అన్నాడు లెక్చర్. ఆయన నెత్తి పట్టుకున్నాడు. లోపలి నుంచి ఆయన తల్లి సర్వపిండి పళ్ళెం తెచ్చి పెట్టి, మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఏంది బిడ్డా, గీళ్ళు ఆడుతున్నరా, పూజకు కూసున్నరా?" అని కొడుకును అడిగింది. మాకు అందులో కూడా ఏదో పరీక్ష ఉందనిపించింది. సర్వపిండి తినాలా వద్దా అని లెక్చర్ ముఖం చూశాం. వాడు తిన్నాక తిన్నాం.

ఆ తరువాత వారంలో రెండు సంగతులు జరిగాయి. ఇంగ్లండు వెళ్ళొచ్చిన ఇంకో ఇంజనీరు చేత బడే సాబ్ ఒక పార్సిల్ తెప్పించుకున్నాడని తెలిసింది. అందరూ సెంట్లు, గడియారాలు తెప్పించుకుంటే ఆయన అదే ఆటకు కొత్త పెట్టె తెప్పించుకున్నాడు. "రెండో దశ" అన్నాడు లెక్చర్ గొంతు తగ్గించి. ఇక రెండోది, ముగ్గురిలో ఒక్కరినే పర్మినెంట్ చేస్తారని క్యాంటీన్‌లో ఎవరో అన్నారు. ఆ మాట విన్నాక మేం ముగ్గురం ఒకరి పక్కన ఒకరు కూర్చుని టీ తాగలేకపోయాం. చోటా భాయ్ నా వైపు చూస్తే నా ఉద్యోగం వైపు చూస్తున్నట్టుండేది.

మూడో ఆదివారం కొత్త పెట్టెలోంచి అస్థిపంజరాలు, కొత్త గదులు, కొత్త రూల్సు బయటపడ్డాయి. పాతవే తలకెక్కలేదు, వాటి మీద ఇవి. ఒక మూల నా పొట్టివాణ్ణి అస్థిపంజరం అడ్డగించింది. పక్కకు తప్పుకునే దారి లేదు. బెదురుతూనే పాచికలు వేశాను. అస్థిపంజరం పడిపోయింది. నా చేత్తో మొదటిసారి ఒక శత్రువు చావడం! లోపల ఎక్కడో చిన్న సంతోషం కూడా కలిగింది. అంతలో బడే సాబ్ తాపీగా దాన్ని మళ్ళీ లేపి నిలబెట్టాడు.

"గదేంది సార్?" అన్నాను.

"కొత్త పెట్టెల గంతే. అస్థిపంజరాలు మల్ల లేస్తయ్."

ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు. వారమంతా పడ్డ ఫికరు, బాపు ముఖం, అర్థంకాని రూల్సు, అన్నీ కలిసి గొంతులోకి వచ్చాయి. లేచి నిలబడ్డాను. "మరి మేం సచ్చినప్పుడు లేవలే గదా సార్! మీ మనుషులకొక రూలు, మాకొక రూలా? గిదేం న్యాయం?"

లెక్చర్ కళ్ళు మూసుకున్నాడు. నా నౌకరి లాడ్ బజార్ గాజులా భళ్ళుమన్న చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. బడే సాబ్ మెల్లగా అట్ట మడిచి పక్కన పెట్టాడు. అప్పుడు ఆయన ముఖం మొత్తం చూశాం. నవ్వుతున్నాడు!

"ఆఁ! గట్ల లొల్లి పెట్టాలె! ఇంక చెప్పు, ఏం జేద్దాం?"

"మా వాళ్ళు కూడా ఒక్కసారి లేవాలె" అన్నాను, కూర్చోవడం మరిచిపోయి.

"కుదరదు."

"బరాబర్ బోలా భాయ్!" అని చోటా భాయ్ బల్ల గుద్దాడు. బొమ్మలన్నీ ఎగిరి పడ్డాయి. లెక్చర్ కూడా ఒక కన్ను తెరిచి, "లాజిక్ ప్రకారం చూస్తే సార్..." అని అందుకున్నాడు. ఆ తరువాత ఏం జరిగిందంటే అంతా అరుపులే. యూనియన్ వాళ్ళు బేరమాడినట్టు ఆడి, వీరులకు కూడా ఒకసారి లేచే హక్కు సాధించాం. చోటా భాయ్ ఒక్కో రాక్షసుణ్ణి కొట్టినప్పుడల్లా "మాఫ్ కరో సాబ్" అంటూనే కొట్టాడు. ఖజానా పెట్టె కోసం నేనూ లెక్చరూ కొట్టుకున్నంత పనిచేశాం. లొల్లికి బడే సాబ్ తల్లి పరుగున వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. "ఇయ్యాల ఆడుతున్నరు! పెట్టె తెచ్చినకాంచి ఎవర్ని పిలిచినా చాయ్ తాగి పోతున్నరు గని ఒక్కలు ఆడలే. ఆఖరికి నన్ను కూసోబెట్టి, ఆటల నువ్వు మంత్రగానివి అన్నడు. నాకేం మంత్రాలొస్తయ్ బిడ్డా?" అంది. బడే సాబ్ చెవులు ఎర్రబడ్డాయి.

అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సోమవారం ఆయన క్యాబిన్‌కు పిలిచాడు. వెళ్ళాను. టిఫిన్ డబ్బా పక్కన రూల్సు పుస్తకం తెరిచి ఉంది. "నిన్న నువ్వన్నది తప్పు. నేను జెప్పిందే కరెక్టు. అయినా ఒప్పుకున్నం గదా, గట్లనే ఆడుదాం" అన్నాడు. నేను కదల్లేదు. "ఇంకేంది?"

"సార్, మా పర్మినెంట్ సంగతి..."

"గది పోయిన నెలనే పంపిన గదా. ముగ్గురిది అయింది. ఎవ్వలు చెప్పలేదా?"

"మరి... ఆట?"

"ఆటకేమైంది?" అన్నాడు. ఆయన ముఖంలో అంత అయోమయం నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. "ఏం లేదు సార్" అని వచ్చేశాను.

ఆ వార్త చెప్పగానే లెక్చర్ పడీపడీ నవ్వి, "ఇక ఆదివారాలు మనవేరా, హాయిగా నిద్రపోవచ్చు" అన్నాడు. నిజమే, ఇక వెళ్ళవలసిన అవసరం ఎవరికీ లేదు. ఆదివారం మధ్యాహ్నం కాసేపు పడుకున్నాను, కాసేపు లేచి కూర్చున్నాను. తరువాత చొక్కా వేసుకుని, గాజులు చూసొస్తానని ఇంట్లో చెప్పి (నాకు గాజులతో ఏం పనో మా అమ్మ అడగలేదు, నవ్వింది) బయలుదేరాను. లాడ్ బజార్ మలుపులో చోటా భాయ్ నాకంటే ముందే నిలబడి ఉన్నాడు, దిక్కులు చూస్తూ. ఇద్దరం కలిసి గల్లీలోకి తిరిగాం. మేం ఇంటి తలుపు తోసేసరికి లెక్చర్ అప్పటికే బల్ల ముందు కూర్చుని, బడే సాబ్‌కే ఆయన ఆట గురించి లెక్చరిస్తున్నాడు.