పదికి తొమ్మిది

ఒక్క టిక్కుతో ముప్పై మంది టీచర్లను ఆరో తరగతి లెక్కల్లో ఫెయిల్ చేసిన ఘనత నాది. అందులో మాకు శిక్షణ ఇచ్చే సారు కూడా ఉన్నారు. అప్పుడే నవ్వకండి, అసలు సంగతి ఇంకా చెప్పలేదు.

నేను స్టేషన్ ఘన్‌పూర్ బడిలో లెక్కల టీచర్ని. ఆన్‌లైన్ కోర్సులు తయారుచేసి నడపడం నేర్చుకోవడానికి వరంగల్ వెళ్లాను. చివర్లో ఎవరి కోర్సు బాగుంటే, జిల్లా పిల్లలందరికీ వాళ్లే లెక్కలు చెప్పాలి. ఆ అవకాశం నాకే కావాలి. ఎవరైనా అడ్డమొస్తే కరిచేసేంత కావాలి!

భిన్నాల పాఠం చేశాను. చివర పది ప్రశ్నలు పెట్టాను, ఒక్కోదానికి నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. పదికి పది వస్తేనే రెండో పాఠం తెరుచుకుంటుంది. ఏది తప్పో చెప్పదు, వెతుక్కోవాల్సిందే. తప్పు రాసినవాళ్ల కోసం నా గొంతే రికార్డు చేశాను: "ఏం బిడ్డా, నిద్రపోతున్నవా? పో, పాఠం మళ్ల చూడు!" అది విని నాకు నేనే మురిసిపోయాను.

పరీక్ష రోజు తోటి టీచర్లే నా విద్యార్థులు. కాసేపటికి ఒక మూల నుంచి "ఏం బిడ్డా" అని వినిపించింది. తర్వాత ఇంకో మూల నుంచి. పది నిమిషాల్లో హాలంతా నేనే తిడుతున్నాను.

"మేడం, తొమ్మిదే వస్తున్నయి," అన్నారు శిక్షణ ఇచ్చే యాదగిరి సారు. వచ్చే ఏడు రిటైరయ్యే మనిషి.

"పాఠం మంచిగ చూడలేదేమో సార్."

"ఆరుసార్లు చూసిన!"

"ఇంకోసారి చూడుండ్రి. ఆగమాగమైతే లెక్కలు రావు సార్," అని ఓదార్చాను. ఎంత పొగరో చూడండి!

లెక్కలంటే పారిపోయే సోషల్ సారు కూడా బోర్డు మీద జొన్నరొట్టెలు గీసి, ముక్కలు చేసి వాదనకు దిగారు. చాయ్ వచ్చింది, చల్లారింది, ఎవరూ ముట్టలేదు.

అంతలో కాజీపేట టీచర్ రజిత అరిచింది. "అక్కా! పది వచ్చినయి!"

"చూసిండ్రా? శ్రద్ధ ఉంటే వస్తది," అన్నాను అందరి వైపూ తిరిగి.

"శ్రద్ధ గాదక్కా, కావాలని తప్పు రాసిన. ఒకటి బై రెండు, ఒకటి బై మూడు కూడితే రెండు బై ఐదు అని పెట్టిన."

గబగబా నా జవాబుల పట్టీ తెరిచి చూశాను. పిల్లలు పైవి పైవి, కిందివి కిందివి కూడేస్తారని ఆ తప్పు జవాబును నేనే వలగా వేశాను. సరైన జవాబని టిక్కు కూడా దానికే పెట్టాను! నమ్మలేక కూర్చుని పదీ నేనే సరిగ్గా రాశాను.

"ఏం బిడ్డా, నిద్రపోతున్నవా?" అంది నా గొంతు, నాతోనే.

హాలు గొల్లుమంది. జిల్లా కోర్సు చెయ్యి జారిపోయిందనుకుని తల దించుకున్నాను. యాదగిరి సారు లేచారు.

"కడమోళ్ల కోర్సులల్ల పావుగంటకే ఆవలించిండ్రు. ఈ మేడం కోర్సుల రెండు గంటలైనా ఒక్కరు లేవలే. ఆ టిక్కు సరిచెయ్యుండ్రి మేడం. జిల్లా కోర్సు మీదే!"

ఎగిరి గంతేయబోయి ఆగాను. "ఆ గొంతు తీసెయ్యాల్నా సార్?"

"వద్దు. నేను ఏడుసార్లు విన్న. జిల్లా అంతా విననీ!"

అక్కడే మౌస్ మీద కుడిచెయ్యి వేసి ప్రమాణం చేశాను: నేను రాసి పాసవ్వని పరీక్షను ఈ జన్మలో ఇంకొకరికి పెట్టను. ఇప్పుడు జిల్లా అంతా నా కోర్సే నడుస్తోంది. ప్రమాణం తప్పలేదు, ప్రతి పరీక్షా ముందు నేనే రాస్తున్నాను. పదికి తొమ్మిది వచ్చిన రోజు మాత్రం చెవులు మూసుకుంటాను.