జీడిపాలేనికి జపాను పాట

రాజేశ్వరికి శాలువాలంటే ఒళ్లుమంట. నర్సీపట్నంలో ఏ రిసెప్షన్ జరిగినా, ఏ వీధిలో వినాయకుణ్ని నిలబెట్టినా ఆర్కెస్ట్రా రాజేశ్వరి పాట ఉండాల్సిందే. పాట అయ్యాక ఎవరో ఒక పెద్దమనిషి ఆమె భుజాన జరీ అంచు శాలువా కప్పి, కెమెరా వైపు తిరిగి పళ్లు ఇకిలించాల్సిందే. ఆ గుడ్డ కప్పుకుంటే చలి ఆగదు, తుడిస్తే తడి పీల్చదు. ఆమె ఇంట్లో బియ్యం డబ్బా మీద ఒక శాలువా, కూలర్ మీద ఒకటి, మొగుడు వాయించే రిథమ్ ప్యాడ్ల మీద రెండు. "బీరువా నిండా గౌరవమే. కట్టుకోడానికి ఒక్కటీ పనికిరాదు" అంటుంది.

ఆమెకి కావలసింది ఒక చీర. కొనుక్కునేది కాదు, పెట్టేది. నాతవరం దగ్గర జీడిపాలెంలో పుట్టింది రాజేశ్వరి. అక్కడ అమ్మవారి పండగకి ఊరి ఆడపడుచులందరినీ పిలిచి, బొట్టు పెట్టి, పుట్టింటివాళ్లు చీర పెడతారు. కోటవురట్లలో మొదటిసారి స్టేజీ ఎక్కి మైకు పట్టుకున్న రోజుతో రాజేశ్వరికి ఆ పిలుపు ఆగిపోయింది. తండ్రి తలుపు మూశాడు. ఆమె అదే ఆర్కెస్ట్రాలో ప్యాడ్లు వాయించే సింహాద్రిని, వేరే కులంవాణ్ని, పెళ్లి చేసుకునేసరికి తమ్ముడు రమణబాబు గొళ్లెం పెట్టాడు. తండ్రి పోయాడు గాని గొళ్లెం అలాగే ఉంది. చంకనెక్కించుకుని పెంచిన తమ్ముడు బజార్లో ఎదురైతే ఫోను చూసుకుంటూ పక్కకి తప్పుకునేవాడు.

అలాంటి రమణబాబు ఈ ఏడు పండగ ముందు ఆమె అద్దె ఇంటి గుమ్మం తొక్కాడు. ఇప్పుడు పండగ కమిటీకి పెద్ద అతనే. వెంట రిటైర్డ్ హెడ్మాస్టర్ సూర్యనారాయణమూర్తి, సూర్యప్రకాష్ అనే కుర్రాడు ఉన్నారు. ఆ కుర్రాడు జపానులో ఒక కొండ ఊరికి క్యాబేజీ కోతలకి వెళ్లి మూడేళ్లు ఉండి వచ్చాడు. ఆ ఊరికి సొంతంగా ఒక పాట ఉందట. పట్నాలకి వెళ్లిపోయినవాళ్లు కోతల పండక్కి తిరిగొచ్చి, తమది ఏ ఇల్లో చెప్పుకుని, ఆ పాట పాడి ఏడుస్తారట.

"మనూరికీ ఒక పాటుండాలండీ. మా జపాను యజమాని ఆ రోజు వీడియో కాల్‌లో సూత్తాడు" అన్నాడు కుర్రాడు.

జపాను ముసలాయన చూస్తాడనేసరికి ఊరి పెద్దలకి ఊరి మీద ప్రేమ పొంగిపోయింది. మరి అన్నేళ్లూ ఎక్కడుందో ఆ ప్రేమ! హెడ్మాస్టరు గారు ఆ బాణీలో పాట రాసేశారు. అందులో తాండవ ఏటి నీళ్లున్నాయి, చెరకుంది, జీడిమామిడి ఉంది. ఆ వెంటనే ప్రెసిడెంటు గారి వంశం, షామియానా ఇచ్చిన దాత, మైకుసెట్టు ఇచ్చిన దాత ఉన్నారు. చరణం చివర 'మంచు దుప్పటి కప్పుకున్న మా జీడిపాలెం' అని ఉంది.

"మాస్టారూ, మనూర్లో ఇళ్ల కప్పుల మీద మంచెప్పుడు పేరుకున్నాదండీ?" అంది రాజేశ్వరి.

"అసలు పాటలో ఉందమ్మా. భావం చెడగొట్టకూడదు" అన్నారాయన గంభీరంగా. 'మనూర్లో' అన్న మాటకి రమణబాబు గోడ మీద క్యాలెండరు వైపు చూశాడు.

కుర్రాడు ఫోన్లో ఆ పాట వినిపించాడు. ఎవరో జపాను ఆవిడ పాడుతోంది. ప్రతి పాదం చివర గొంతు ఒక్కక్షణం విరిగి, మళ్లీ నిలబడుతోంది. ఊళ్లో ఏ పిల్లకీ ఆ విరుపు పట్టుబడలేదట, అందుకే గతిలేక ఇంతదూరం వచ్చారు. రాజేశ్వరికి ఒక్క ముక్క అర్థం కాలేదు గాని ఒక సంగతి తెలిసిపోయింది. ఈ గొంతు ఆ ఊళ్లో ఉంటున్న మనిషిది కాదు, ఊరు వదిలిపోయిన మనిషిది. ఊళ్లో ఉన్నవాళ్లకి కాలవ నీళ్ల కోసం కొట్టుకోడానికే టైము చాలదు, పాటలెక్కడ పాడతారు? టీ పొంగుతోందని సాకు పెట్టి వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుని వచ్చింది.

"నాకు డబ్బులొద్దు. పండగ రోజున బొట్టెట్టి సీర పెట్టండి. ఆడపడుసుకి పెట్టినట్టు" అంది.

"అదెంత పనప్పా, అలాగే" అన్నాడు రమణబాబు.

అప్పా! అక్కని పిలిచే ఆ ఒక్క మాటకి పడిపోయింది పిచ్చిమొహం. వాళ్లు వెళ్లగానే సింహాద్రి, "మీ తమ్ముడు సీర పెడితే నా ప్యాడ్లు అమ్మీసి సన్నాసుల్లో కలిసిపోతాను" అన్నాడు. నోర్ముయ్యమంది. ఏ రంగు చీర పెట్టినా నప్పుతుందని బంగారు రంగు జాకెట్టు కుట్టించుకుంది. కూర తరుగుతూ, బట్టలు ఆరేస్తూ ఆ విరుపు సాధన చేసింది.

పండగ నాటి సాయంత్రం షామియానా కింద ముందు వరసల్లో ఊరి ఆడపడుచులు ఒళ్లో కొత్త చీరలు పెట్టుకుని కూర్చున్నారు. రాజేశ్వరి బంగారు జాకెట్టుతో స్టేజీ వెనక స్పీకర్ల పక్కన నిలబడింది. బొట్టు పెట్టడానికి ఎవరూ రాలేదు. స్టాండుకి బిగించిన ఫోన్లో జపాను ముసలాయన చేతులు ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. అప్పుడు రమణబాబు మైకందుకున్నాడు.

"వైజాగ్ నుంచి విచ్చేసిన ప్రముఖ గాయని రాజేశ్వరి మేడమ్ గారిని మన కమిటీ తరఫున సత్కరించుకుంటున్నాం!"

శాలువా. జరీ అంచు శాలువా.

"సీరేదిరా?" అంది రాజేశ్వరి గొంతు తగ్గించి.

"తర్వాత సూద్దాంలే. అందరూ సూస్తన్నారు, నవ్వు" అన్నాడు కెమెరా వైపు తిరిగి.

ముందు వరసలో బుల్లమ్మ ఉంది, రాజేశ్వరికి తల దువ్వి జడలు వేసిన బుల్లమ్మ. కొండలమ్మ ఉంది, కలిసి చెరకు నమిలిన కొండలమ్మ. మేడమ్ గారు ఎవరి కూతురో ఆ షామియానా కింద తెలియని మనిషి లేదు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎంత చక్కటి ఊరు!

సూర్యప్రకాష్ ఒక్కడే ఉత్సాహంగా మైకు చేతికిచ్చాడు. "ఆళ్ల ఆనవాయితీ పెకారం ముందు మీది ఏ ఇల్లో సెప్పాలి మేడమ్!"

చప్పట్లు ఆగిపోయాయి. రమణబాబు నవ్వు మొహానికి అతుక్కుపోయింది. రాజేశ్వరి తమ్ముడి వంక చూసింది. ఇంటిపేరు నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"నాది నర్సీపట్నం. బస్టాండు వెనకాల అద్దిల్లు" అని పాట ఎత్తుకుంది.

పెళ్లికొడుకు పేరూ పెళ్లికూతురి పేరూ ఉన్నపళాన పాటలో ఇరికించడం ఆర్కెస్ట్రా వాళ్లకి రోజూ ఉండే పనే. జీడిపాలెం అన్నచోటల్లా నర్సీపట్నం అంది. చక్కగా సరిపోయింది. దాతలందరూ ఎగిరిపోయారు. వాళ్ల స్థానంలోకి బస్టాండు బురద వచ్చింది, కిక్కిరిసిన షేర్ ఆటో వచ్చింది, కులం అడగకుండా గది అద్దెకిచ్చిన ఇంటావిడ వచ్చింది. హెడ్మాస్టరు గారి మీద గౌరవంతో మంచు మాత్రం ఉంచేసింది. ప్రతి పాదం చివరా గొంతు విరిగి నిలబడింది. అక్కడ ఆమె నటించలేదు. ఫోన్లో ముసలాయన కళ్లజోడు తీసి కళ్లు ఒత్తుకున్నాడు. ముందు వరసలో బుల్లమ్మ ఒళ్లోని చీర వైపు తల దించుకుంది.

స్టేజీ వెనక రమణబాబు మీదికొచ్చాడు. "ఊరి పరువు తీసీసేవు కదే!"

"ఊరితో నాకేటి సంబంధం బాబూ? నాను వైజాగ్ నుంచొచ్చిన ప్రముఖ గాయనిని" అంది రాజేశ్వరి. శాలువా విప్పి తమ్ముడి భుజాన కప్పి, అంచు సర్దింది. "నువ్వే కప్పుకో. ఇంత పెద్ద పని సేసేవు."

సింహాద్రి ప్యాడ్లు ఆటోలో పెట్టాడు. పెళ్లాం మొహం చూసి, వాటిని పక్కకి జరిపి ఆమెకి చోటు చేశాడు. ఆటో కాలవ గట్టు దాటాక రాజేశ్వరి ఏడ్చింది. ఊరివాళ్లు యలమంచిలిలో మూటల లెక్కన కొనుక్కొచ్చిన చీర కోసం, రెండు ఉతుకులకి వెలిసిపోయే చీర కోసం ఏడుస్తున్నందుకు తనని తాను తిట్టుకుంటూ ఏడ్చింది.

"పండక్కొచ్చేరేటమ్మా? మీదీ ఊరేనా?" అన్నాడు ఆటో అబ్బాయి అద్దంలో చూస్తూ.

స్టేజీ మీద ఆ జవాబు తేలిగ్గానే పలికింది. రాజేశ్వరి కళ్లాల మలుపు దాటేదాకా వెనక్కి తిరిగి ఊరినే చూసి, "కాదు బాబూ" అంది.