మిలిటరీ ప్లీడరు గారి ముడి

అమావాస్యకు గుమ్మానికి గుమ్మడికాయ కడతానంటే మా ఆవిడతో పోట్లాడే మొండివాడిని నేను. దెయ్యాల కబుర్లంటే నవ్వొస్తుంది. ఇది రాస్తుంటే మాత్రం రావడం లేదు.

1999లో నరసరావుపేటలో ఒక పెద్ద ప్లీడరు గారి దగ్గర జూనియర్‌ని. ఆయన వయసులో ఉండగా నడుస్తున్న ప్రాక్టీసు వదిలి సైన్యంలో చేరారు. డెబ్బై ఒకటి యుద్ధంలో పోరాడి, మేజరుగా తిరిగొచ్చి మళ్లీ నల్లకోటు తొడుక్కున్నారు. ఊరంతా మిలిటరీ ప్లీడరు గారనేవాళ్లు.

వాయిదా ముందురోజు కేసు కాగితాలన్నీ బల్లమీద నాచేత వరసగా పేర్పించి తనిఖీ చేసేవారు. ఒక్కటి తగ్గిందా, నా పని అయిపోయినట్టే! ఆ తర్వాత కట్టకు తన ముడి వేసేవారు. ఒక కొస లాగితే విడిపోతుంది, లేకపోతే చచ్చినా ఊడదు. యుద్ధంలో చీకట్లో మ్యాపుల కట్ట విప్పడానికి నేర్చుకున్నారట. ఎన్నిసార్లు చూపించినా నాకు పట్టుబడలేదు.

కోటమ్మ అనే ఆవిడకు అత్తగారు ఎకరన్నర మిర్చి చేను వీలునామా రాసి పోయింది. బావగారు అది దొంగ కాగితమని దావా వేశాడు. రిజిస్టరు కాని వీలునామా, నకలు దొరికే దారి లేదు. ఆ అసలు కాగితాన్ని నేను పోగొట్టాను. ఎక్కడ పెట్టానో గుర్తులేదు. భయంతో ఎవరికీ చెప్పలేదు.

అప్పటికే మేజరు గారు ఆస్పత్రిలో ఉన్నారు. ఓపిక కూడదీసుకుని, "కోటమ్మ కాగితం భద్రమేనా?" అన్నారు.

"భద్రమేనండీ" అన్నాను. రెండు రోజులకు పోయారు.

ఆయన పోయిన పన్నెండో రోజు, అసలు వీలునామా జడ్జికి చూపించాల్సిన ఆఖరి వాయిదా. పొద్దున మూడుసార్లు కట్ట విప్పి వెతికాను. లేదు. మామూలు ముడి వేసి కోర్టుకెళ్లాను. వరండా బెంచీ మీద కోటమ్మ పక్కన కూర్చున్నంతసేపూ కట్ట నా ఒళ్లోనే ఉంది.

"ఏంది బాబూ, అట్టా చెమటలు పడతన్నయ్యి? పెద్దాయన లేడని భయమా?" అంది.

ఇక దాచలేక, నిజం చెప్పేద్దామని కట్ట విప్పబోయాను. అది నా ముడి కాదు. కొస లాగగానే విడిపోయింది. పైనే వీలునామా ఉంది.

చేను కోటమ్మకే దక్కింది. నేనే కంగారులో చూసుకోలేదేమో అని ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నాను. కానీ ఆ ముడి వెయ్యడం నాకు ఇప్పటికీ రాదు. అదెలా పడిందో చెప్పలేను. ఆ రోజు మంచం పక్కన నేనాడిన అబద్ధం ఆయనకు తెలిసిపోయిందనే సిగ్గు మాత్రం ఇంకా పోలేదు.