జేజి దాచుకున్న కోపం

నా చిన్నప్పుడు మా ఇంట్లో కవిత్వం కంఠతా వచ్చిన మనిషి ఒక్క మా జేజే. ఆమెకు అక్షరం ముక్క రాదు. నాన్న తల్లిని మా వైపు జేజి అంటాం. ఆ కవిత్వమంతా ఆమె చిన్న కొడుకు, మా చిన్నాయన, రాసింది.

బోగోలుకు తూర్పున, సముద్రానికి దగ్గరగా ఉండేది మా ఊరు. గాలి ఎటు తిరిగినా కాస్త ఉప్పు వాసన మోసుకొచ్చేది. మా నాన్నకు పొలమే లోకం. చిన్నాయన మాత్రం మడికి నీళ్లు పెట్టడానికి పోయి, గట్టు మీద కూర్చుని, పక్క మడి నిండేదాకా లేచేవాడు కాదు. ఏదైనా రాస్తే మొదట జేజికే వినిపించేవాడు. ఆమె వసారాలో విత్తనపు శనక్కాయలు ఒలుస్తుంటే ఎదురుగా గొంతుక్కూర్చుని చదివేవాడు. ఆమె బాగుందనీ అనేది కాదు, బాగాలేదనీ అనేది కాదు. "ఇంకొకసారి చెప్పు నాయనా" అనేది. అంతే.

చిన్నాయన భార్య కాన్పులోనే పోయింది. పుట్టిన ఆడబిడ్డను జేజే పెంచింది. ఆ పిల్ల నాకన్నా మూడేళ్లు చిన్నది. నా పావడా కొసను పట్టుకుని ఊరంతా తిరిగేది. దానికి నాలుగో ఏడు నడుస్తుండగా జ్వరం తగిలింది. చిన్నాయన అప్పుడు నెల్లూరులో ఏదో సభలో కవిత చదవడానికి పోయి ఉన్నాడు. మామూలు జ్వరమేననుకుని జేజి రెండు రోజులు కషాయం కాచి పోసింది. మూడో రోజు బండి కట్టి కావలి ఆసుపత్రికి బయలుదేరారు. దారిలోనే బిడ్డ పోయింది. చిన్నాయన తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది.

ఆ తర్వాత ఆయన మళ్లీ మనిషి కాలేదు. తాగుడు మొదలైంది. రోజుల తరబడి సముద్రం ఒడ్డునే తిరిగి, జుట్టు నిండా ఇసుకతో ఇల్లు చేరేవాడు. రాయడం మాత్రం మానలేదు. జేజికి వినిపించడమూ మానలేదు. రెండేళ్లకు కామెర్లు ముదిరి పోయాడు. పోవడానికి కొద్ది రోజుల ముందు తన నోటు పుస్తకాలన్నీ పంచెలో మూటగట్టుకుని వెళ్లి ఉప్పుకాలువలో వదిలేశాడు. ఎందుకు వదిలావని ఆయన్ను ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాడో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంటుంది.

ఏడాది తిరిగాక కావలి నుంచి ఒక తెలుగు అయ్యవారు సైకిల్ మీద వచ్చారు. చిన్నాయనకు స్నేహితుడట. స్నేహితుడి కవితల్ని చిన్న పుస్తకంగా అచ్చు వేయించాలని ఉందని, రాతలేమైనా మిగిలి ఉంటే ఇమ్మని మా నాన్నను అడిగారు. నాన్న తల అడ్డంగా ఊపాడు. లోపల్నుంచి జేజి వచ్చి గడప దగ్గర నిలబడింది.

"పుస్తకాలు లేవు అయివారా. వాడు చెప్పినవన్నీ నా దగ్గర ఉండాయి. మా పాప రాస్తది. నెల పోయినాక రాండి" అంది.

అలా ఆ పని నాకు పడింది. నేనప్పుడు ఐదో తరగతి. నా రాత గుండ్రంగా ఉంటుందని బడిలో పేరు. బడి నుంచి రాగానే నేను నోటు పుస్తకం తీసుకుని కూర్చునేదాన్ని. జేజి శనక్కాయలు ఒలుస్తూ చెప్పేది. చేతులు ఆడుతుంటేనే ఆమెకు మాట వచ్చేది. ఎక్కడ ఆపాలో, ఎక్కడ గొంతు దించాలో చిన్నాయన చెప్పినట్టే చెప్పేది. కళ్లు మూసుకుంటే ఆయనే ఎదుట కూర్చున్నట్టుండేది. అందుకని నేను మాటిమాటికీ కళ్లు మూసుకునేదాన్ని. "రాయవే, నిద్రపోతా ఉండావా" అనేది జేజి.

ఒకరోజు బిడ్డ మీద రాసిన కవిత వచ్చింది. జేజి అన్నీ ఎలా చెప్పిందో దాన్నీ అలాగే చెప్పుకుంటూ పోయింది. నడుమ రెండు పాదాలున్నాయి.

దీపం కొండెక్కుతుంటే, అమ్మా,
నువ్వు కషాయం కాస్తూ కూర్చున్నావు.

నా కలం ఆగిపోయింది. చిన్నాయన ఈ మాట ఈమె ఎదుట కూర్చుని, ఈమె ముఖం చూస్తూ చదివాడని అప్పుడు నాకు అర్థమైంది. ఆ మాటకు కూడా ఆమె ఇంకొకసారి చెప్పు నాయనా అనే ఉంటుంది. అనకపోతే ఎలా నోటికి వస్తుంది? నేను తలెత్తలేదు. ఆ రెండు పాదాలు రాయకుండా, తర్వాతి పాదం రాసేశాను. జేజిని ఊళ్లో అందరూ ఆడిపోసుకుంటారని భయం వేసింది. నాకు తోచిన మంచి పని అదే.

అయ్యవారు వచ్చే ముందు రోజు జేజి అన్నీ మొదట్నుంచి చదవమంది. చదివాను. ఆ కవిత దగ్గరికొచ్చేసరికి గబగబా చదివాను. జేజి చేయి ఎత్తింది.

"ఆడ రెండు మాటలు పొయినాయి పాపా."

"మరిచిపోయినా జేజీ."

"నువ్వు మరిచిపోలా. జేజికి చెడ్డపేరొస్తదని తీసేసినావు. అవునా?"

నేను ఏడ్చేశాను. జేజి కోప్పడలేదు. నన్ను దగ్గరికి లాక్కుని కొంగుతో ముఖం తుడిచింది. తర్వాత మెల్లగా చెప్పింది.

"బిడ్డ పోయింది. వాడూ పోయినాడు. వాడి కోపం ఒకటి నాకు మిగిలింది. అది గూడా తీసేస్తే నా దగ్గర ఏముంటది చెప్పు. వాడు ఇంకెవురి మీద చూపిస్తాడు కోపం, నా మీద గాక? వాడి మాట వాడిదే. నువ్వు దాన్ని బాగు చెయ్యొద్దు."

చేట పక్కకు జరిపింది. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆ రెండు పాదాలూ మళ్లీ చెప్పింది. నేను పక్కన ఖాళీలో ఇరికించి రాశాను.

మర్నాడు అయ్యవారు వసారాలో కూర్చుని నోటు పుస్తకమంతా చదివారు. ఒకచోట ఆగి, కళ్లద్దాలు తీసి, "అమ్మా, ఈ రెండు పాదాలు ఉంచమంటారా" అని అడిగారు. "ఉంచండయ్యా" అంది జేజి. మా నాన్న లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు. అంతవరకు తమ్ముడి కోసం ఆయన ఏడవడం నేను చూడలేదు. ఆ రోజు చూశాను.

పుస్తకం పలచగా, నీలం అట్టతో వచ్చింది. జేజి దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఆ మాట ఏడుందో చూపించు" అంది. ఆమె చూపుడువేలు పట్టుకుని ఆ పాదాల మీద పెట్టాను. చాలాసేపు ఆ వేలు తీయలేదు.

ఇప్పుడు ఆ పుస్తకాన్ని ఎవరో ఫోన్లలో చదువుకునేలా పెట్టారు. అల్లూరు నుంచి ఒక కాలేజీ అమ్మాయి ఫోన్ చేసి, ఆ కవిత చదివి నిద్ర పట్టలేదండీ అంది. సంతోషమే. అయితే ఆ అమ్మాయి చదివింది అక్షరాలను. జేజి ఎక్కడ ఆగేదో, ఎక్కడ గొంతు దించేదో అచ్చులో లేదు. అది విన్నవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను. ఆ గొంతు ఒక్కసారి వినడానికి ఏమైనా ఇచ్చేస్తాను.

మా ఆయన పోయి ఆరేళ్లయింది. మంచంలో ఉన్న రోజుల్లో ఆయన నన్ను చాలా మాటలన్నాడు. పిల్లలు నాన్న గురించి చెప్పమంటే ఆ మాటలు కూడా ఉన్నవి ఉన్నట్టే చెబుతాను. అవన్నీ ఇప్పుడెందుకమ్మా అంటుంది మా పెద్దమ్మాయి. నేను ఆపను. అవి తీసేసి చెబితే వచ్చేది ఎవరో పెద్దమనిషి. అవి కలిపి చెబితేనే ఆయన వస్తాడు, చొక్కా గుండీ సగం పెట్టుకుని, మంచినీళ్లు తేవడానికి ఇంతసేపా అంటూ.