ఎర్ర చేప తలకాయ

చేప తాజాదో కాదో చెప్పడంలో ఎస్తేరమ్మ మాటకు ఎదురులేదు. మొప్ప ఎత్తి చూసి, కంటి మీద వేలితో నొక్కి, ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకుందంటే తీర్పు అయిపోయినట్టే. తుక్కుగూడ పక్క పల్లెలో చెరువు చేపలమ్మిన తల్లి దగ్గర నేర్చిన విద్య అది. శంషాబాద్ విమానాశ్రయం వెనక, హోటళ్లకు సముద్రపు చేపలు కోసి పంపే షెడ్డులో తొమ్మిదేళ్లుగా ఆ విద్యే ఆమెకు కూడు పెడుతోంది.

అక్కడొక ఆనవాయితీ ఉంది. ముల్లు తీసిన కండ హోటళ్లకు, తలకాయలు కోసిన ఆడవాళ్లకు. శనివారానికొకరి వంతు. పెద్ద తలకాయ వచ్చిందా, ఆ ఇంట్లో పండగే! ఈ వంతుల దగ్గర కొట్లాటలు కూడా తక్కువేం కాదు. పక్క బల్ల మీద చేపలు కోసే దుర్గవ్వకూ ఎస్తేరమ్మకూ ఒకసారి మూడు నెలలు మాటల్లేవు.

పోయిన శనివారం ఎస్తేరమ్మ వంతుకు ఎర్రటి పెద్ద చేప తలకాయ వచ్చింది. కమ్మగా పులుసు పెట్టుకుని రెండు పూటలా తిన్నది. ఒంటరి మనిషి, పంచుకునేవాళ్లు లేరు. ఆ తర్వాత వాంతులు, విరేచనాలు. అవి తగ్గాయి గానీ, ముఖం కడుక్కుందామని చన్నీళ్లలో చెయ్యి పెడితే చుర్రున కాలింది. పెదవులు తిమ్మిరెక్కాయి. "దేవా, నాకేమైందయ్యా!" అని ఏడ్చేసింది పాపం.

దవాఖానలో ప్రియదర్శిని అనే డాక్టరమ్మ సముద్రపు ఒడ్డున పనిచేసి వచ్చినావిడ. చన్నీళ్లు కాలుతున్నాయనగానే, "ఏం చేప తిన్నారమ్మా?" అని అడిగింది.

"తాజా చేపనే డాక్టరమ్మా. నేను చూసినంక ఖరాబు చేప నా ఇంటికెట్ల వస్తది?" అంది ఎస్తేరమ్మ రోషంగా.

"చేప పాడవలేదండీ. ఆ విషం చేపలో పుట్టిందీ కాదు. పగడపు దిబ్బల మీద కంటికి ఆననంత చిన్న నాచు ఉంటుంది, విషం దానిది. ఆ నాచును చిన్న చేపలు మేస్తాయి, వాటిని పెద్ద చేప మింగుతుంది. అలా ఏళ్ల తరబడి దాని ఒంట్లో పోగవుతుంది. తలలో, కాలేయంలో మరీ ఎక్కువ. వాసన రాదు, రుచి మారదు. ఎంత ఉడికించినా, ఐసులో ఎన్నాళ్లుంచినా పోదు."

ఎస్తేరమ్మకు షెడ్డులో మిగిలిన సరుకు గుర్తొచ్చింది. అదే లారీలో వచ్చిన పద్దెనిమిది చేపలు ఈ శనివారం ఆర్డరు కోసం ఫ్రీజర్‌లో ఉన్నాయి. ఈ శనివారం వంతు దుర్గవ్వది. దుర్గవ్వ కోడలు రేఖకు ఏడో నెల.

షెడ్డు చూసుకునే జగదీశ్‌కు చెబితే, అతను ముందు తలుపు మూసివచ్చాడు.

"నోరు మూస్కో జర, ఎస్తేరమ్మా. ఈ మాట బయటికి పోతే షెడ్డు బంద్. ముప్పై మంది ఆడోళ్లు రోడ్డు మీద పడ్తరు. గా పాపం నువ్వు మోస్తవా?"

చెబితే ముప్పై ఇళ్ల కూడు పోతుంది. చెప్పకపోతే రేఖ కంచంలోకి విషం పోతుంది. ఎటు తిరిగినా గోడే. మూడు రోజులు చేతులకు రెండేసి తొడుగులేసుకుని, ఐసు తగిలినప్పుడల్లా పళ్లు బిగబట్టి పనిచేసింది. భయపడింది, అంతే. ఆమె స్థానంలో ఎవరైనా భయపడతారు.

శనివారం దుర్గవ్వ తన తలకాయను సంచిలో వేసుకుంటుంటే ఇక ఆగలేక, "తీస్కపోకు దుర్గవ్వా, అండ్ల విషమున్నది," అంది మెల్లగా.

దుర్గవ్వ ఒంటికాలి మీద లేచింది. "గిట్లనా! పోయిన వారం నువ్వు మెక్కితివి, ఇగ నా వంతు మీద గూడ కన్ను పడ్డదా? నువ్వే చెప్పు అందరి ముంగట, మొప్పలు ఎర్రగ లేవా? వాసనేమన్న ఉన్నదా?"

అందరి చూపులూ ఎస్తేరమ్మ మీదే. మొప్పలు నిజంగానే ఎర్రగా ఉన్నాయి. తొమ్మిదేళ్లుగా వీళ్లందరికీ మొప్ప చూసి నమ్మమని నేర్పింది తనే! గుమ్మంలో జగదీశ్ నిలబడి వేలు చూపించి బెదిరిస్తున్నాడు.

ఎస్తేరమ్మ తొడుగులు పీకేసి, చేతిని మోచేతి దాకా ఐసు తొట్టిలోకి తోసింది. కేక పెట్టింది. కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతున్నా తియ్యలేదు.

"కాలుతున్నదే దుర్గవ్వా! అగ్గిల పెట్టినట్టున్నది! ఐసు కాలుతదా యాడనన్న? గా తలకాయ తిన్నంకనే నాకిట్లయింది. రేఖకు పెట్టకే, నీ కాల్మొక్త!"

దుర్గవ్వ సంచి వదిలేసి ఆ చేతిని బయటికి లాగి, కొంగుతో తుడిచి, తన పొట్టకు ఆనించుకుంది. "కత్తులు కింద పెట్టుర్రే!" అని అరిచింది. ముప్పై కత్తులూ బల్లల మీద పడ్డాయి.

జగదీశ్ తిట్టాడు, బతిమాలాడు. చివరికి ఆ చేపలన్నిటినీ వ్యానెక్కించి పంపేశాడు. ఎటు పంపాడో ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఎస్తేరమ్మ వైపు తిరిగి, "ఐసు ముట్టలేనిదానికి ఈడ పనేంది?" అన్నాడు. ముప్పై మందిలో ఒక్కరూ నోరు మెదపలేదు, దుర్గవ్వతో సహా.

సోమవారం కొత్త సరుకు దిగింది. అందరూ పనికి పోయారు, పోక ఏం చేస్తారు? మే నెల మిట్టమధ్యాహ్నం ఎస్తేరమ్మ ఇంట్లో ఒక్కతే కూర్చుని, తాగడానికి నీళ్లు పొయ్యి మీద వెచ్చబెట్టుకుంటోంది.