కరెంటు పోయిన ల్యాబ్

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. ఎల్బీనగర్ దగ్గర ఇంజనీరింగ్ చదువుతున్నాను. పవర్ ఎలక్ట్రానిక్స్ మొదటి ల్యాబ్ జరుగుతుండగా కరెంటు పోయింది. బయట నినాదాలు దగ్గరవుతున్నాయి. దిల్‌సుఖ్‌నగర్ వైపు బస్సులు ఆగిపోతాయన్న భయంతో వైర్లు పీకేస్తున్నాం.

"కరెంటే లేదు గదనే, జల్ది గుంజు. నడుసుకుంట పోతవా ఏంది?" అంటూ నా స్నేహితురాలు స్వప్న కెపాసిటర్ మీదికి చెయ్యి చాచింది.

ల్యాబ్ చూస్తున్న మేడమ్ ఆ చేతిని పట్టి వెనక్కి లాగారు.

"కరెంటు పోయిందమ్మా. దాన్లో నిలవున్నది పోలేదు."

ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌ని దాని రెండు కొనలకూ ఆనించారు. ఠప్పుమని నిప్పురవ్వలు ఎగిశాయి. ఇనుప మొన నల్లబడింది. స్వప్న తన వేళ్లనే చూసుకుంటూ ఉండిపోయింది.

ఇప్పుడు మా పాప పాకుతోంది. ప్లగ్గు, వైరు ఏది అందితే అది పట్టుకు లాగుతోంది. కరెంటు పోగానే ఇంట్లో అందరూ కొవ్వొత్తి కోసం వెతుకుతారు. నేను పాప చేతుల కోసం వెతుకుతాను.