నాన్న గీసిన కాముడు

మొన్న ఏ.ఎస్. రావు నగర్‌లోని మా అపార్ట్‌మెంట్‌లో హోలీకి పిల్లలచేత బొమ్మలు వేయించారు. పెద్దదాన్నని నన్నూ పిలిచి కుర్చీ వేశారు. పిల్లలు అరచేతులకు రంగు పూసుకుని కాగితాల మీద అద్దుతుంటే, ఆ తడి ఆరకముందే వాళ్ల నాన్నలు ఎగబడి ఫోన్లలో ఫొటోలు తీసుకుంటుంటే, ఎంత ముచ్చటేసిందో! అంతలోనే గుండె కలుక్కుమంది. మనసు రాంగోపాల్‌పేటలోని మా పాత గల్లీకి వెళ్లిపోయింది.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో హోలీ బొమ్మంటే దాచుకునేది కాదు, కాల్చేది. పున్నమి సాయంత్రం గల్లీ మలుపులో కట్టెలు పేర్చి, వాటి మీద కాముడి బొమ్మ నిలబెట్టి అంటించేవాళ్లం, రంగులాట తెల్లారాకే. మోదుగుపూలు ఉడకబెట్టిన నీళ్లు, పసుపు, బట్టలకు పెట్టే నీలిమందు, పొయ్యిలోని బొగ్గు, ఇవే మా రంగులు. నాకు బొమ్మలు బాగా వస్తాయని పేరుండేది కనుక ఒక ఏడు కాముణ్ణి గీసే పని నాకే అప్పగించారు. నాన్న గుమాస్తాగా పనిచేసే బట్టల దుకాణంలోని అట్టపెట్టె ఒకటి విప్పదీసి, తిండి ధ్యాస కూడా లేకుండా గీశాను.

తీరా కట్టెల మీద నిలబెట్టాక పక్కింటి పెద్దమ్మ చూసి, "ఏందే, అచ్చం మీ నాయన లెక్కనే ఉన్నడు గదా!" అని పకపకా నవ్వింది. చూద్దును కదా, నిజమే! ఆదివారం మధ్యాహ్నాలు నిద్రపోతున్న నాన్నను చూసి గీసీ గీసీ నా చేతికి ఇంకో మగవాడి మొహం రాకుండా పోయిందేమో, అదే మెలితిరిగిన మీసం, అదే వెడల్పాటి నుదురు. అందరూ నవ్వుతున్నారు గానీ నాకు ఏడుపు తన్నుకొచ్చింది. మా నాన్నకు నిప్పెలా పెట్టనిస్తాను? ఇంతలో నానమ్మ పరుగున వచ్చి, "నా కొడుకు మొఖం అగ్గిల ఏస్తరా?" అంటూ అట్ట లాక్కుని చంకలో పెట్టుకుంది. చీకటి పడుతోంది, కాముడు లేడు, పిల్లలందరికీ నామీద గుర్రు. వేరే బొమ్మ గీద్దామంటే మళ్లీ నాన్న మొహమే వస్తుందేమోనని భయం.

అప్పుడే దుకాణం నుంచి వచ్చిన నాన్న, సంగతి విని కోప్పడతారనుకుంటే, చొక్కా చేతులు మడిచి మట్టిలో చతికిలబడ్డారు. "గింత దానికే ఏడుస్తరా బిడ్డా? నేను గీస్త తియ్యి" అని పెట్టెలో మిగిలిన అట్టముక్క ముందేసుకుని బొగ్గు అందుకున్నారు. బట్ట కొలవడం తప్ప బొమ్మ ఎరగని చెయ్యి అది. గుమ్మడికాయంత తలకాయ, ఒక కన్ను పైకి, ఒక కన్ను కిందికి, చెవులేమో భుజాల దాకా! గల్లీ అంతా పడీపడీ నవ్వింది, అందరికంటే ఎక్కువ ఆయనే నవ్వారు. ఆ కాముడు భగ్గున మండాడు. మేం చప్పట్లు కొట్టాం, నేనైతే గెంతాను కూడా.

నానమ్మ దాచిన అట్ట ఇప్పటికీ నా దగ్గరుంది. నాన్న పోయి చాలా ఏళ్లయింది. ఈ కాలం పిల్లలకు ఏదీ పోదు, గీసిన ప్రతి గీతా ఎక్కడో ఒకచోట ఉంటుంది. మాకు ఉంచుకోవాలన్న ఆలోచనే రాలేదు. ఆ తర్వాత నేను బొమ్మలు ఎన్నో గీశాను. నాన్న మాత్రం తన జన్మలో గీసింది ఆ ఒక్కటే. నా కళ్లముందే కాలిపోతుంటే చప్పట్లు కొట్టాను.